పనిషర్ ‘బోర్న్’: ఆ గొంతు ఎవరిది? వియత్నాం భాగం ఎంతవరకు నిజం?

అట్టలేని_పుస్తకం

స్పాయిలర్లు ఉంటాయి. చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి.

గార్త్ ఎన్నిస్ రచన, డారిక్ రాబర్ట్‌సన్ బొమ్మలు, 2003లో మార్వెల్ మ్యాక్స్ కింద వచ్చిన ‘బోర్న్’. నేరగాళ్ళని తానే శిక్షించే మార్వెల్ కామిక్స్ పాత్ర పనిషర్ (అసలు పేరు ఫ్రాంక్ క్యాజిల్) వియత్నాంలో సైనికుడిగా ఉన్నప్పటి కథ. మొత్తం నాలుగు సంచికలే. 1971 అక్టోబరు, కాంబోడియా సరిహద్దు దగ్గర వ్యాలీ ఫోర్జ్ అనే ఫైర్‌బేస్ (ఫిరంగులు పెట్టుకునే చిన్న సైనిక స్థావరం). మూడో టూర్‌లో (యుద్ధానికి వెళ్ళే విడత) ఉన్న కెప్టెన్ ఫ్రాంక్ క్యాజిల్. ఇంటికెళ్ళే రోజులు లెక్కపెట్టుకుంటూ కథ చెప్పే కుర్ర మెరైన్ స్టీవీ గుడ్‌విన్. కథ వరకు అర్థమైంది, మూడు విషయాలు తేలలేదు.

ఒకటి, క్యాజిల్‌తో బేరమాడే ఆ గొంతు దెయ్యమా, చావా, అతని బుర్రా? రెండు, సైనిక వివరాల్లో ఎంత నమ్మొచ్చు? ఆఖరి సంచికలో బేస్ మొత్తం తుడిచిపెట్టుకుపోవడం లాంటిది నిజంగా జరిగిందా? మూడు, క్యాజిల్ సైనికుడిగా ఉన్న కథలు ఇంకా ఉన్నాయంటున్నారు. ఏది ముందు, ఏది వెనక? న్యూయార్క్‌లో మాఫియాని కాల్చే కథలు ప్రస్తుతానికి వద్దు.

నల్లసిరా

గొంతు సంగతి చెప్తా. దెయ్యం అనుకుని చదివితే కథ చప్పబడిపోతుంది. ఎవరో వచ్చి పాపం మంచివాణ్ణి చెడగొట్టారన్నట్టు అవుతుంది. పుస్తకం అలా లేదు.

సంచికల వరస పట్టుకోండి. బేరం కుదిరేది నాలుగో సంచికలో, చుట్టూ అందరూ చచ్చిపోయాక. మరి జనరల్ చనిపోయేది? మొదటి సంచికలోనే. ఆయన తనిఖీకొచ్చాడు, బేస్ పరిస్థితి చూశాడు, మూసేయమని రాసే ఉద్దేశంలో ఉన్నాడు. క్యాజిల్ ఆయన్ని తీసుకెళ్ళి శత్రు స్నైపర్ గురి ఉన్న చోట నిలబెడతాడు. తూటా క్యాజిల్‌ది కాదు, చావు మాత్రం క్యాజిల్‌దే. యుద్ధం అయిపోతుందేమోనన్న భయంతో సొంత జనరల్‌ని చంపించినవాడికి వేరే సైతాను ఎందుకండీ?

రెండో సంచికలో మెక్‌డొనాల్డ్ అనే మెరైన్ సంగతీ అంతే. పట్టుబడిన వియత్ కాంగ్ (అమెరికా మీద పోరాడే కమ్యూనిస్టు గెరిల్లాలు) యువతి మీద అతను అత్యాచారం చేస్తాడు. క్యాజిల్ ముందు ఆమెను కాల్చేస్తాడు, తర్వాత మెక్‌డొనాల్డ్‌ని నీళ్ళలో ముంచి చంపేస్తాడు. విచారణ లేదు, రిపోర్టు లేదు. పనిషర్ పద్ధతి మొత్తం అక్కడే తయారైపోయింది. పుర్రె బొమ్మ చొక్కా ఒక్కటే తక్కువ. ఇంకో సంగతి చూడండి, ఆ యువతిని కూడా అతను బతికించలేదు. ‘న్యాయం చేశాడు’ అని చప్పట్లు కొట్టడానికి వీల్లేకుండా ఎన్నిస్ కావాలనే ఆ తలుపు మూసేశాడు.

కాబట్టి ఆ గొంతు అడిగేది కొత్త కోరికేం కాదు, అతనిలో ఉన్నదే. ఎప్పటికీ ఆగని యుద్ధం ఇస్తాను, వెల మాత్రం ఉంటుంది అంటుంది. వెల ఏమిటో చెప్పదు. ఆఖర్న విమానాశ్రయంలో భార్యాపిల్లలు ఎదురొచ్చినప్పుడు చదివేవాడికి ఆ వెల తెలుస్తుంది, క్యాజిల్‌కి తెలియదు. 1970ల నుంచి మార్వెల్ చెప్పుకొచ్చిన లెక్క ఒకటి: సెంట్రల్ పార్క్‌లో కుటుంబం చనిపోయింది, అందుకే పనిషర్ అయ్యాడు. ‘బోర్న్’ ఆ లెక్కని తిరగేసింది. పనిషర్ అయ్యాడు, అందుకే కుటుంబం పోయింది.

పాత్ర పుట్టుక తెలిస్తే ఈ తిప్పుడు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1974 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 129లో పనిషర్ మొదట కనిపించాడు. జెర్రీ కాన్వే రాశాడు, రాస్ ఆండ్రూ గీశాడు. అందులో అతను మాజీ మెరైన్ అన్నంత వరకే. కుటుంబం కథ 1975లో ‘మార్వెల్ ప్రివ్యూ’ రెండో సంచికలో వచ్చింది. అంటే సైనికుడు ముందు, విషాదం తర్వాత. వియత్నాంలో పోరాడొచ్చిన మాక్ బోలన్ అనే అమెరికన్ స్నైపర్ మాఫియా మీద పగ తీర్చుకునే చవక నవలలు అప్పట్లో అమెరికాలో బాగా ఆడేవి, కాన్వే ఆ ప్రేరణ దాచలేదు.

కందకం_71

సైనిక వివరాల సంగతి. వాసన నిజం, చిరునామా తప్పు.

పెద్ద తప్పు తేదీతోనే మొదలు. అమెరికన్ మెరైన్ల పోరాట దళాలు 1971 జూన్ ఆఖరుకల్లా వియత్నాం వదిలి వెళ్ళిపోయాయి. మిగిలింది సలహాదారులు, రాయబార కార్యాలయం కాపలా లాంటి కొద్దిమందే. అక్టోబరులో ఒక మెరైన్ గారిసన్ ఫైర్‌బేస్‌లో కూర్చుని ఉండటం కుదరదు. చోటు కూడా కుదరదు. మెరైన్లు ప్రధానంగా పనిచేసింది ఐ కోర్‌లో, అంటే దక్షిణ వియత్నాం ఉత్తరాన ఉన్న ఐదు ప్రావిన్సుల్లో. దానికి పడమట లావోస్ ఉంది, కాంబోడియా కాదు. కాంబోడియా సరిహద్దు ఆర్మీ చూసుకున్న ప్రాంతం.

ఇక వాసన. 1969 ఏప్రిల్లో 5,43,000 దాకా ఉన్న అమెరికన్ సైన్యం 1971 ఆఖరుకి లక్షన్నర చిల్లరకి వచ్చింది. ఇంటికి పోతున్న యుద్ధంలో ఆఖరి శవం తనది కాకూడదని ప్రతివాడికీ ఉంటుంది. గస్తీకి వెళ్ళినట్టు చెప్పి పొదల్లో పడుకుని రావడం, అధికారుల గుడారాల్లోకి గ్రెనేడ్లు విసరడం, హెరాయిన్ ఇవన్నీ ఆ కాలపు నిజాలే. కామిక్‌లో బేస్ అధికారి కర్నల్ ఓట్‌మన్ ఏమీ పట్టించుకోకుండా తాగుతూ కూర్చోవడం, ఏంజెల్ అనే మెరైన్ మత్తులో తేలడం కల్పన కోసం పెంచి రాసినవేం కాదు. అక్కడ దొరికిన హెరాయిన్ చాలా శుద్ధమైనది, సిగరెట్‌లో కలిపి పీల్చినా ఎక్కేది. ఇంటికెళ్ళే సైనికులకి మూత్ర పరీక్ష తప్పనిసరి చేసింది 1971 జూన్‌లోనే.

బేస్ తుడిచిపెట్టుకుపోవడం గురించి అడిగారు. దగ్గరి పోలిక ఫైర్ సపోర్ట్ బేస్ మేరీ ఆన్, క్వాంగ్ టిన్ ప్రావిన్స్, 1971 మార్చి 28 తెల్లవారుజాము. అది కూడా దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పగించి ఖాళీ చేయబోతున్న బేసే. అది కూడా అలసత్వంలో మునిగి ఉంది. సుమారు 50 మంది సాపర్లు (కంచెల్లోంచి దొంగచాటుగా దూరి పేల్చేసే శత్రు సైనికులు) చొరబడి గంటలోపే పని ముగించారు. 30 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు, 80 మందికి పైగా గాయపడ్డారు. తర్వాత విచారణలు, పదవుల నుంచి తప్పించడాలు. కానీ అది ఆర్మీ బేస్, పైగా అందరూ చావలేదు. ఒక్కడే మిగలడం అనేది కామిక్ అవసరం.

దాడి తీరులో తేడా గమనించండి. కామిక్‌లో వానలో గుంపులు గుంపులుగా మీదకొచ్చి పడతారు. బొమ్మకి అదే బాగుంటుంది. 1971 నాటికి బేస్‌ల మీద ఎక్కువగా పనిచేసిన పద్ధతి సాపర్లది. ఒంటి మీద చెడ్డీ తప్ప ఏమీ లేకుండా, బొగ్గు నూనె కలిపి పూసుకుని, ముళ్ళచుట్టల కింద అంగుళం అంగుళం పాకుతూ వచ్చేవాళ్ళు. ట్రిప్ ఫ్లేర్ (లాగితే వెలుగు చిమ్మేది) తీగ తగిలితే వెదురు బద్దతో కట్టేసేవాళ్ళు. తీగ పూర్తిగా కత్తిరిస్తే బిగువు వదిలి చప్పుడవుతుంది కాబట్టి సగం కోసి చేత్తో విరిచేవాళ్ళు. లోపలికొచ్చాక బంకర్ గుమ్మంలోకి పేలుడు సంచి. అదే సమయానికి బయట నుంచి మోర్టార్ గుళ్ళు పడుతుంటే లోపలివాళ్ళు తల దించుకుని బంకర్లలోనే ఉండిపోతారు, సంచి పని సులువవుతుంది.

బేస్ చుట్టూ పెట్టే క్లేమోర్ మందుపాతర గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. 2003 అక్టోబరు 1న అలిపిరి దాడి తర్వాత ఆ మాట తెలుగు పేపర్లు చదివే ప్రతి ఇంటికీ చేరింది. చిత్రంగా ‘బోర్న్’ వచ్చిందీ ఆ ఏడాదే. అమెరికన్ ఎం18ఏ1 క్లేమోర్‌లో సుమారు 700 ఉక్కు గుళ్ళు, వెనక 680 గ్రాముల సీ4 పేలుడు పదార్థం. 60 డిగ్రీల విసనకర్రలా చిమ్ముతుంది, 50 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది. ముందువైపు ‘ఫ్రంట్ టువార్డ్ ఎనిమీ’ అని అచ్చు పోసి ఉంటుంది. సాపర్లు రాత్రి దాన్ని కాపలావాడి వైపే తిప్పిపెట్టి పోవడం కూడా జరిగేది. అందుకే సాయంత్రం పెట్టి పొద్దున్నే తీసేయాలి, చోటు మార్చాలి. బద్ధకించిన బేస్‌లో మొదట ఆగేది ఆ పనే.

అట్టలేని_పుస్తకం

సాపర్ల సంగతి చాలా బాగుంది. ఆఖరి సంచికలో క్యాజిల్ ఎం60 మెషిన్‌గన్ పట్టుకుని కాల్చే పేజీలు? అలా నిలబడి కాల్చడం కుదిరే పనేనా?

కందకం_71

కుదురుతుంది. ఎంతసేపు అన్నదే తిరకాసు.

ఎం60 బరువు పదిన్నర కిలోలు. నిమిషానికి 550 తూటాల వేగం. వంద తూటాల బెల్టు పెట్టి ట్రిగ్గర్ వదలకుండా పట్టుకుంటే 11 సెకన్లలో ఖాళీ. ఆ బెల్టు ఒక్కటే మూడు కిలోల పైమాట. పది బెల్టులు మోస్తే 30 కిలోలు, కాల్చేది రెండు నిమిషాల లోపు. అందుకే గన్నర్ ఒక్కడే ఉండడు. పక్కన బెల్టు అందించేవాడు ఉంటాడు, సెక్షన్‌లో మిగతావాళ్ళు తలా రెండు బెల్టులు మెడలో వేసుకుంటారు. ఆరేడు తూటాలకి ఒకసారి ఆపి కాల్చమని నేర్పుతారు.

ఆపకుండా కాలిస్తే గొట్టం కాలిపోతుంది. గొట్టం మార్చడానికే ఎం60 పెట్టే తంటా ఏంటంటే, పాత మోడల్లో గొట్టానికి పట్టుకునే పిడి లేదు. ఆస్బెస్టాస్ చేతితొడుగు కావాలి. పైగా ముందరి కాళ్ళు గొట్టానికే బిగించి ఉంటాయి కాబట్టి గొట్టం ఊడదీస్తే తుపాకీని ఆనించడానికి ఏమీ ఉండదు. చీకట్లో, వానలో, బురదలో ఒంటిగాడు ఆ పని చేయలేడు. తూటాలు అయిపోతే తుపాకీ వదిలేసి చేతికి దొరికిన దాంతో కొట్టుకోవడమే మిగులుతుంది. కామిక్‌లో క్యాజిల్ దిగజారే వరసా అదే: మెషిన్‌గన్, రైఫిల్, చివరికి చేతులు. ఆ వరస వరకు ఎన్నిస్ లెక్క తప్పలేదు.

వాన వల్ల విమానాలు రాకపోవడం కూడా సరైనదే. మబ్బు కిందికి దిగితే పైలట్‌కి ముళ్ళచుట్ట ఎక్కడో, బంకర్ ఎక్కడో కనిపించదు. నేల మీది రాడార్ ఆధారంగా మబ్బుల పైనుంచే బాంబులు వేసే కంబాట్ స్కైస్పాట్ అనే పద్ధతి ఉండేది, కానీ శత్రువు బేస్ లోపలే కలిసిపోయాక దాన్ని వాడితే ముందు పోయేది మనవాళ్ళే.

గళ్ళపేజీ

చదివే వరస నేను చెప్తా. అచ్చయిన వరస వేరు, కథలో జరిగిన వరస వేరు.

కథలో జరిగిన వరస: మొదటి టూర్ 1968, లెఫ్టినెంట్ క్యాజిల్, ‘పనిషర్: ద ప్లటూన్’ ఆరు సంచికలు. ఆ తర్వాత ‘ఫ్యూరీ: మై వార్ గాన్ బై’లో వియత్నాం భాగం, అందులో సీఐఏ మనిషి నిక్ ఫ్యూరీతో కలిసి ఒక రహస్య పని మీద స్నైపర్‌గా వెళ్తాడు. ‘గెట్ ఫ్యూరీ’ ఆరు సంచికలు, పట్టుబడిన ఫ్యూరీ నోరు విప్పకముందే చంపి రమ్మని క్యాజిల్‌ని పంపుతారు. ఆ తర్వాతే ‘బోర్న్’. తిరిగొచ్చాక ఒక్క సంచిక ‘ద టైగర్’, ఎక్కువ భాగం బాల్యం. ఆఖర్న ‘పనిషర్’ 2004 సిరీస్‌లో 55 నుంచి 60 వరకు, పేరే ‘వ్యాలీ ఫోర్జ్, వ్యాలీ ఫోర్జ్’.

అచ్చయిన వరస: బోర్న్ 2003, టైగర్ 2006, 55–60 సంచికలు 2008, మై వార్ గాన్ బై 2012–13, ప్లటూన్ 2017–18, గెట్ ఫ్యూరీ 2024.

అచ్చయిన వరసలోనే వెళ్ళండి. కారణం స్టీవీ గుడ్‌విన్. ‘బోర్న్’ చదివేటప్పుడు కథ చెప్పేవాడు బతికే ఉంటాడులే అన్న ధీమా పాఠకుడికి ఉంటుంది. నాలుగో సంచికలో దెబ్బ కొట్టేది ఆ ధీమా మీదే. 55–60లో మధ్యమధ్య బొమ్మలు ఆగి మామూలు అచ్చు పేజీలు వస్తాయి. అవి వ్యాలీ ఫోర్జ్ మీద మైఖేల్ గుడ్‌విన్ రాసిన పుస్తకంలోవి. ఆ పుస్తకం కల్పితమే, అతను స్టీవీ తమ్ముడు. చాలామంది ఆ పేజీలు దాటేసి బొమ్మల్లోకి పోతారు, అసలు సరుకంతా అందులోనే ఉంది. పైకథలో అమెరికన్ సైనికుల్ని క్యాజిల్ చంపడన్న నమ్మకంతో కొందరు జనరల్స్ అతని మీదకి సైనికుల్నే పంపుతారు. ‘ప్లటూన్’లోనూ అదే మైఖేల్ పాత ప్లటూన్ సభ్యుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు, అటువైపు పోరాడిన వియత్నాం మహిళనీ కలుస్తాడు. స్టీవీ పోయిన సంగతి తెలియకుండా అది చదివితే ఆ ఇంటర్వ్యూల్లో బరువు తెలియదు.

‘మై వార్ గాన్ బై’లో మాత్రం 13 సంచికలూ చదవాలి. ఇండోచైనాలో ఫ్రెంచివాళ్ళ కాలం నుంచి మొదలవుతుంది, వియత్నాం ముక్క ఒక్కటే కోసుకుంటే తలాతోకా ఉండదు.

విడిగా ‘బోర్న్’ దొరకకపోతే ‘పనిషర్ మ్యాక్స్: ద కంప్లీట్ కలెక్షన్’ మొదటి సంపుటం చూడండి, అది ‘బోర్న్’తోనే మొదలవుతుంది. పిల్లల చేతికి అందేలా పెట్టకండి. మ్యాక్స్ అంటే పెద్దలకి మాత్రమే, ఇందులో ఆ ముద్ర ఊరికే వేయలేదు.

బొమ్మల మీద ఒక్క మాట. రాబర్ట్‌సన్ పెన్సిల్ మీద టామ్ పామర్ ఇంకు. ముఖాల మీద ఆ దట్టమైన నలుపే సగం కథ చెప్తుంది. క్యాజిల్ కళ్ళు ఎక్కడ నీడలో ఉన్నాయో, ఎక్కడ వెలుతుర్లోకి వచ్చాయో చూస్తూ రెండోసారి చదవండి. ప్లటూన్‌లో, 55–60లో, మై వార్ గాన్ బైలో గోరాన్ పార్లోవ్ గీత పూర్తిగా వేరు, సన్నటి గీతలు, చాలా ఖాళీ.

అట్టలేని_పుస్తకం

వరస రాసిపెట్టుకున్నా. ఇంకొక్క సాయం. మాటలు. షార్ట్, లైఫర్, ద వరల్డ్ లాంటివి సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ పోయా, కొన్ని చోట్ల తప్పి ఉంటా.

మాటలమూట

షార్ట్ అంటే పొట్టి కాదు. టూర్ అయిపోవడానికి కొద్ది రోజులే ఉన్నవాడు. ఆర్మీకి టూర్ 12 నెలలు, మెరైన్లకి మొదట్లో 13. వంద రోజుల లోపుకి వచ్చినప్పటి నుంచి లెక్క మొదలుపెట్టేవాళ్ళు. షార్ట్ అయినవాడు గస్తీకి వెళ్ళడానికి భయపడతాడు, స్టీవీ గొంతులో మొదటి పేజీ నుంచీ ఉన్నది ఆ భయమే. ద వరల్డ్ అంటే అమెరికా, ఇల్లు. వియత్నాం లోకంలో లెక్క కాదన్నట్టు. ఫ్రీడమ్ బర్డ్ ఇంటికి తీసుకెళ్ళే విమానం. నాలుగో సంచికలో స్టీవీ చివరి పేజీలు ఈ మాట తెలిసి మళ్ళీ చదవండి.

లైఫర్ అంటే సైన్యాన్నే బతుకుదెరువుగా పెట్టుకున్నవాడు. వినడానికి మామూలుగా ఉన్నా తిట్టు. ఫ్రాగింగ్ అంటే సొంత అధికారిని చంపడం, ఫ్రాగ్మెంటేషన్ గ్రెనేడ్ నుంచి వచ్చింది. గ్రెనేడే ఎందుకంటే దాని మీద వేలిముద్రలుండవు, తూటాలాగా ఫలానా తుపాకీదని తేల్చలేరు. క్యాజిల్ జనరల్‌ని చంపించింది దానికి మెరుగైన పద్ధతి, సాక్ష్యం మొత్తం శత్రువు ఖాతాలోకి పోయింది.

‘ఇన్ ద వైర్’ అంటే శత్రువు ముళ్ళచుట్ట దాటి లోపలికొచ్చాడని. రేడియోలో ఆ మాట వినిపించిందంటే ఇక ఫిరంగులు దూరానికి కాదు, కాళ్ళ ముందే కాల్చాలి. కోర్‌మన్ అంటే వైద్య సాయం చేసేవాడు. మెరైన్లకి సొంత వైద్య సిబ్బంది లేరు, నేవీ నుంచి వస్తారు. స్పెల్లింగ్ చూసి ‘కార్ప్స్‌మన్’ అని పలక్కండి.

‘గూక్’ అన్న మాట పేజీ పేజీకీ వస్తుంది. ఆసియా వాళ్ళని ఉద్దేశించిన జాతి తిట్టు అది. శత్రువు అని మెత్తగా అర్థం చేసుకుంటే ఆ కుర్రాళ్ళు ఏ మనసుతో తుపాకీ పట్టారో దాటిపోతుంది.

వ్యాలీ ఫోర్జ్ పేరు కూడా చూడండి. 1777–78 చలికాలంలో జార్జ్ వాషింగ్టన్ సైన్యం ఆకలితో, జబ్బులతో గడిపిన శిబిరం అది, పెన్సిల్వేనియాలో. అక్కడ సైన్యం నిలబడింది, దేశం పుట్టిందని అమెరికన్ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ సైన్యం మొత్తం పోయింది. పుస్తకం పేరేమో ‘పుట్టాడు’.

నల్లసిరా

కందకం గారూ, తేదీ తప్పన్నారు, ఒప్పుకుంటా. కానీ 1968లో పెట్టుంటే కథ నిలవదు. 68లో యుద్ధం ఎటూ అయిపోదు, క్యాజిల్‌కి భయం ఉండదు, జనరల్ చావాల్సిన పని లేదు. వెనక్కి పోతున్న సైన్యం కావాలి.

కందకం_71

68 అక్కర్లేదు. 1970 అక్టోబరులో పెట్టి, బేస్‌ని ఉత్తరాన క్వాంగ్ నామ్ పడమటి కొండల్లోకి జరిపితే చాలు. అప్పటికి మెరైన్లు దళం వెనక దళంగా వెళ్ళిపోతున్నారు, ఫస్ట్ మెరైన్ డివిజన్ ఇంకా అక్కడే ఉంది. సరిహద్దు లావోస్ అవుతుంది, ఉత్తర వియత్నాం దక్షిణానికి సైనికుల్ని, సరుకుని పంపే హో చి మిన్ దారి అటే పోతుంది. వాన కూడా కలిసొస్తుంది. దక్షిణాన కాంబోడియా వైపు అక్టోబరు అంటే వానలు తగ్గుముఖం పట్టే నెల, దా నాంగ్ వైపు ఈశాన్య రుతుపవనాలు వచ్చి కుండపోతగా కురిసేది అప్పుడే. ఎన్నిస్ రాసిన వాన ఉత్తరాది వాన, పేరు పెట్టింది మాత్రం దక్షిణాది సరిహద్దుకి.